కంప్యూటరుకు పెట్టిన రంజను

మట్టిపాత్రలో పోసిన నీళ్ళు ఎంత ఎండలోనైనా చల్లగానే ఉంటాయన్నది శామీర్‌పేటలో ఎవరూ సందేహించని మాట. మొగులయ్య సందేహించాడు. కుత్బుల్లాపూర్ దగ్గరి ఒక కార్ఖానాలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. కొలిచి చూడనంతవరకూ ఏ మాటా నిజమని ఒప్పుకునేవాడు కాదు. అందువల్ల 2005 మే మొదటివారంలో, ఇంట్లో కంప్యూటరు వేడికి విరుగుడుగా తాగేనీళ్ళు పోసే మట్టి రంజనును వాడుకొమ్మని తల్లి బాలనర్సమ్మ చెప్పినప్పుడు ఆయన ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు.

కంప్యూటరు గొడవ అంతకు పదిరోజుల ముందు మొదలైంది. మొగులయ్య కూతురు స్రవంతి, చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే పనికి దరఖాస్తు పెట్టుకుంది. బి.ఇడి. అయిన రెండేళ్ళకు ఆమె మనసుకు నచ్చిన మొదటి పని అది. సికింద్రాబాదులోని ఆ సంస్థవాళ్ళు గొంతును మెచ్చుకున్నారు, మచ్చుకు చదివి పంపిన సాంఘికశాస్త్ర పుస్తకం సీడీని తిప్పి పంపారు. సాంఘికశాస్త్రం వెనుక పిండిగిర్ని ఆడుతున్నట్టుందనీ, మే పదహారులోగా చప్పుడు లేని సీడీ చేరకపోతే పని ఇంకొకరికి వెళుతుందనీ రాశారు.

గిర్ని మరేదో కాదు, కంప్యూటరులోని ఫ్యాను. ఎండాకాలం కావడంతో అది ఒక్క క్షణం కూడా నెమ్మదించేది కాదు. పెట్టెను పక్క గదిలోకి మార్చుదామంటే అది రేకుల గది. పగలు అందులో మనిషే నిలవలేడు. రాత్రి చదువుదామంటే వీధికుక్కలు. ఇక మిగిలింది ఫ్యాను తీసేసి, నీళ్ళతో వేడిని గోడ అవతలికి పంపడం. అలాంటి ఏర్పాటు ఒకటుందని స్రవంతి ఇంటర్నెట్ సెంటరులో చదివి వచ్చింది. మొగులయ్య భార్య అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఈ వ్యవహారమంతటిలో ఆమె అభిప్రాయం ఒక్కటే: ఇంట్లో నీళ్ళు చిందితే తుడిచేది తాను కాదు.

మొగులయ్య మొదట సికింద్రాబాదులో ఒక దుకాణానికి వెళ్ళాడు. అక్కడ అమ్మేది కంప్యూటరుకు పక్కన నిలబెట్టే పెట్టె, అందులో పంపు, రేడియేటరు, రెండు గొట్టాలు. చప్పుడే ఉండదని దుకాణదారు హామీ ఇచ్చాడు. నడిపి చూపమన్నాడు మొగులయ్య. నడిపాడు. ఏమీ వినపడలేదు. అయితే ఆ దుకాణంలో ఏసీ, మరి నాలుగు కంప్యూటర్లు, బయట రోడ్డు మీద వందల బండ్లు ఉన్నాయి.

"గీ షాపుల రైలు పోయినా వినరాదు తమ్మీ. జర అన్నీ బంద్ జేసి, షట్టర్ దించుతవా?"

దుకాణదారు ఆయనను ఎగాదిగా చూసి, అన్నీ ఆపలేదుగానీ ఏసీ ఆపాడు. మొగులయ్య వంగి పెట్టెకు చెవి ఆనించాడు. తరువాత వెనుక జాలీలోంచి లోపలికి చూశాడు. తమ కంప్యూటరులో మోగే ఫ్యాను ఒకటి, దీనిలో రెండు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు.

రెండో సలహా చోటే మియాది. మేడ్చల్ రోడ్డులో కూలర్లు బాగుచేసే దుకాణం ఆయనది. మొగులయ్యకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు. పాత వ్యాను రేడియేటరును కిటికీ బయట నిలబెట్టి, కూలరు ఫ్యాను బిగించి, నీళ్ళు తిప్పుదామన్నాడు. మొగులయ్య రాగిదిమ్మను ఆకురాయితో అరగదీసి, లోపల నీటికాలువ తొలిచి, ప్రాసెసరు మీద సరిగ్గా కూర్చునేలా తయారుచేశాడు. గోడకు రంధ్రం వేసి గొట్టాలు బయటికి తీశాడు. ప్రాసెసరు చల్లబడింది. గోడ మాత్రం వణకసాగింది. స్రవంతి ఒక పేజీ చదివి, రికార్డయింది విని, తండ్రి వైపు తిరిగింది.

"ముందుగాల కరెంటు గిర్ని ఉండె బాపు. ఇప్పుడు డీజిల్ గిర్ని అయింది."

చోటే మియా నొచ్చుకున్నాడు. వ్యాను రేడియేటరు వ్యానును చల్లబరచడానికి చేసిందేగానీ పాఠాలు చెప్పడానికి కాదని గొణిగాడు. అప్పుడు వాకిట్లో బియ్యం ఏరుతున్న బాలనర్సమ్మ తలెత్తకుండానే అంది: "రంజన్ల ఫ్యాన్ ఉండదు గద బిడ్డా."

మొగులయ్యకు జవాబు దొరకనిచోట పరీక్ష పెట్టడం అలవాటు. మేడ్చల్ అంగడి నుంచి ఇరవై ఐదు లీటర్ల కొత్త రంజను తెచ్చి, కిటికీ కింద, రోడ్డువైపు గోడ నీడలో ఇసుకగంప మీద కూర్చోబెట్టాడు. అందులో పన్నెండు వోల్టుల చిన్న పంపు వేశాడు. మామూలు కూలరు పంపు చాలునని చోటే మియా వాదించాడు. తన తల్లి దేంట్లోనైనా చెయ్యి పెట్టే మనిషనీ, రెండువందల ముప్ఫై వోల్టులు అందులో ఉండరాదనీ మొగులయ్య ఖండితంగా చెప్పాడు. పంపు రంజనులోని నీళ్ళను గొట్టం ద్వారా రాగిదిమ్మకు పంపుతుంది. వేడెక్కిన నీళ్ళు రెండో గొట్టంలోంచి తిరిగి రంజనులో పడతాయి. తిరిగేదీ, మోగేదీ ఏదీ గదిలో ఉండదు. కరెంటు పెట్టెలోని చిన్న ఫ్యాను ఒకటి మిగిలింది, దాని చప్పుడు మైకు దాకా రాలేదు.

మే పదో తేదీన పదకొండింటి నుంచి మూడింటి దాకా కంప్యూటరును ఆపకుండా నడిపి, కార్ఖానా నుంచి తెచ్చుకున్న థర్మామీటరుతో అరగంటకొకసారి కొలిచాడు. బయటి గాలి నలభై రెండు డిగ్రీలు. రంజనులో నీళ్ళు మొదట ఇరవై ఎనిమిది; నాలుగు గంటల తరువాత ముప్ఫై రెండు; ఆ పైన పెరగలేదు. ప్రాసెసరు యాభై ఒకటి. ఫ్యాను ఉన్నప్పుడు అది అరవై ఆరు. థర్మామీటరు మీద అనుమానం వచ్చి, దాన్ని మరిగే నీళ్ళలో పెట్టి చూశాడు. థర్మామీటరు బాగానే ఉంది.

అన్నం తినేటప్పుడు తల్లితో, "ముప్పై రెండు," అన్నాడు.

"అంటే?"

"సల్లగనే ఉన్నయ్."

బాలనర్సమ్మ ఇంకొంచెం పప్పు వేసింది.

మరునాడు స్రవంతి కిటికీ మూసి, దానికి బొంత వేలాడదీసి, పైనున్న సీలింగుఫ్యాను కూడా ఆపి చదవడం మొదలుపెట్టింది. యంత్రానికి చల్లదనం, పిల్లకు చెమట, ఇదెక్కడి న్యాయమని నానమ్మ అడిగింది. సాయంత్రానికి నలభై పేజీలు పూర్తయ్యాయి.

పన్నెండో తేదీ మధ్యాహ్నం, భూకంపాల పాఠం మధ్యలో, కంప్యూటరు దానంతటదే ఆగిపోయింది. ఆ పూట చదివిందంతా పోయింది. మొగులయ్య బయటికి పరుగెత్తి మూత తీశాడు. రంజను అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళున్నాయి. పంపు గాలి పీలుస్తోంది.

రంజను చెమర్చి నీళ్ళు తగ్గాయని చోటే మియా నిర్ధారించాడు. మొగులయ్య కాగితం తీసుకుని లెక్క వేశాడు. రంజను మామూలుగా చెమర్చే నీళ్ళు, కంప్యూటరు వేడికి ఆవిరయ్యే నీళ్ళు అన్నీ కలిపినా రోజుకు నాలుగు లీటర్లు దాటవు. పోయినవి ఇరవై. గొట్టాలన్నీ తడిమాడు, ఎక్కడా కారడం లేదు. రంజను నింపి, కుర్చీ వేసుకుని, తలుపు సందులోంచి కాపలా కూర్చున్నాడు.

ఇంటికి ఎదురుగా, రోడ్డు అవతల, రోజుకు నాలుగు బస్సులు ఆగే స్టాపు ఉంది. బస్సు కోసం వచ్చేవాళ్ళు మామూలుగా అటువైపు వేపచెట్టు కింద నిలబడతారు. ఆరోజు ఒక పాలాయన నేరుగా రోడ్డు దాటి వచ్చి, మూత తీసి, స్టీలుగ్లాసుతో రెండుసార్లు ముంచుకు తాగి, మూత పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని వెనుక ఇద్దరు ఆడవాళ్ళు, చంటిపిల్ల. ఆ పిల్లకు మొహం కడిగారు. తరువాత నాగారం వెళ్ళే మేస్త్రీలు నలుగురు వచ్చి, సీసాలు కూడా నింపుకున్నారు.

మొగులయ్య బయటికి వెళ్ళి, అవి తాగే నీళ్ళు కావనీ, కంప్యూటరువనీ చెప్పాడు. వాళ్ళలో ఒక మేస్త్రీ గొట్టాలను చూశాడు, కిటికీని చూశాడు.

"కంప్యూటర్ గిన్ని తాగుతదా పెద్దయ్యా?"

"తాగది. దాని మీదికెల్లి పోయి వస్తయ్."

"మరి పోయొచ్చినంక మేం తాగుతే దానికేం తక్కువ?"

వేసవిలో రోడ్డువైపు గోడకు మూతపెట్టిన రంజను కనిపిస్తే అది బాటసారులదేనని ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అడిగి తాగడమే వింత. ఆ సంగతి మొగులయ్యకూ తెలుసు. ఆయనకు అర్థం కానిది గ్లాసు. తాను గ్లాసు పెట్టలేదు. అది దారంతో కిటికీ చువ్వకు కట్టి ఉంది. లోపలికి వెళ్ళి తల్లిని అడిగాడు.

"ఎండాకాలం రంజన్ బయట వెట్టి గ్లాసు వెట్టకపోతే ఊరోళ్ళు ఏమనుకుంటరు? మొగులయ్య ఇంట్ల గ్లాసు గూడ లేదనుకోరా?" అంది బాలనర్సమ్మ.

చోటే మియా, పొద్దున తానూ రెండు గ్లాసులు తాగానని ఒప్పుకున్నాడు. ఆ నీళ్ళు శుభ్రమైన రాగిమీదుగా, కొత్త పంపులోంచి వచ్చినవే అయినా, మొగులయ్య మరునాడంతా స్టాపులో కనిపించినవాళ్ళను కడుపు గురించి విచారించాడు. పదకొండుమందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఒకరు మాత్రం నీళ్ళు నిన్నటికన్న వెచ్చగున్నాయని ఫిర్యాదు చేశారు.

గ్లాసు తీసేస్తే బాలనర్సమ్మ మళ్ళీ కట్టింది. "ఈ నీళ్ళు కంప్యూటరు కొరకు. త్రాగరాదు" అని మొగులయ్య అట్టముక్క మీద రాసి తగిలిస్తే పరిస్థితి విషమించింది. ఇదివరకు తాగి ఊరుకునేవాళ్ళు ఇప్పుడు దాన్ని పైకి చదివి, చదువురానివాళ్ళకు వివరించి, దాని మీద చర్చించసాగారు. ఆ చర్చ బొంతను దాటి మైకులోకి చేరింది. అది పదమూడో తేదీ. పాఠాలు ఇంకా తొంభై పేజీలున్నాయి. స్రవంతి పుస్తకం మూసి, రేకుల గదిలోకి వెళ్ళి కూర్చుంది. ఆ ఎండవేళ ఆ గదిలో కూర్చోవడమంటే ఏమిటో మొగులయ్యకు తెలుసు.

ఆయన లేచి తల్లి దగ్గరికి పోయాడు. "అమ్మా, నీ పాత రంజన్ గావాలె. గ్లాసు గూడ."

ఆ సాయంత్రమే ఇద్దరు స్నేహితులూ పాత రంజనును రోడ్డు దాటించి, వేపచెట్టు కింద పెట్టి, గ్లాసు అక్కడ కట్టారు. నింపే పని బాలనర్సమ్మ తీసుకుంది. బాటసారులదని అనిపించకుండా, కిటికీ కింది రంజనుకు మూత తీసేసి, బోర్లించిన వెదురుగంప కప్పారు. అట్టముక్క తీసేశారు.

పద్నాలుగు, పదిహేను తేదీల్లో స్రవంతి ఉదయం ఆరింటి నుంచి చదివింది. కిటికీ కింది రంజనులో నీళ్ళు రోజుకు మూడున్నర లీటర్లు తగ్గాయి. చెట్టు కింది రంజనును రోజుకు మూడుసార్లు నింపారు. సీడీని పదహారున మొగులయ్య స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి, రసీదు తెచ్చాడు.

ఇరవై నాలుగున ఉత్తరం వచ్చింది. గిర్ని చప్పుడు లేదని, మూడు పుస్తకాలు స్రవంతికి కేటాయించామని అందులో ఉంది. ఇరవై ఏడో పేజీని మాత్రం మళ్ళీ చదవమన్నారు. అక్కడ పాఠం మధ్యలో ఒక మగగొంతు, కీసర బస్సు పోయిందా అని అడుగుతోంది.