నలభయ్యో పేరు

నేను హెడ్మాస్టరుగా రిటైరై పద్దెనిమిదేళ్లయింది. అయినా ప్రతి సోమవారం బడికి పోతాను. పాత రికార్డుల గదిలో ఏ కాగితం ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పోకపోతే ఇంట్లో తను చేసే ప్రతి పనికీ వంకలు పెడతానని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

నా రిజిస్టర్లలో ఒక్క తప్పు చూపించమని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ని. పోయిన నెల మొదటి సోమవారంతో ఆ ముచ్చట తీరిపోయింది.

బడి అటెండరమ్మ గదిలోకొచ్చింది. నెలాఖరుకు రిటైర్మెంటని కాగితం వచ్చిందనీ, తన అసలు వయసు రెండేళ్లు తక్కువనీ, పాత అడ్మిషన్ రిజిస్టరు చూసి చెప్పమనీ అడిగింది. ఆమె ఈ బడిలోనే చదువుకుంది. ఇంట్లో ఒంటరి మనిషి. పిల్లల అల్లరి వినపడకపోతే అన్నం సహించదని, ఇంకో రెండేళ్లు ఉండనిస్తే చాలని అంది.

రిజిస్టరు తీయక్కర్లేకుండానే నాకు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి గనక? కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకుంటే అయిదేళ్లు నిండినట్టే. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. నలభై మంది పిల్లలు లేకపోతే రెండో టీచరు పోస్టు ఎత్తేస్తారు. ఆ రెండో టీచర్ని నేనే. ముప్పై తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. ఆఖరి రోజు సాయంత్రం ఒకాయన మూడేళ్ల పిల్లను ఎత్తుకుని అటుగా పోతుంటే నేనే పిలిచాను. పిల్ల చెయ్యి చెవికి అందలేదు. తల కాస్త పక్కకు వంచాను. అందింది.

ఈ సంగతంతా తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇప్పటి హెడ్మిస్ట్రెస్ చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, పాపం, నా ముఖంలోకి చూడలేకపోయింది. ఉద్యోగం ఆఖరి అయిదేళ్లలో పుట్టిన తేదీ మార్చడం కుదరదని పై ఆఫీసు నుంచి పది రోజుల్లో జవాబొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఆ మాట అటెండరమ్మకు నేనే చెప్పాలనిపించింది. వెళ్లేసరికి కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతోంది. పై ఆఫీసు మాట చెప్పాను. అక్కడితో ఆగకుండా, ఆ రోజు నీ మీద దయతో చేర్చుకోలేదమ్మా, నా ఉద్యోగం కోసం చేర్చుకున్నాను అని కూడా చెప్పేశాను.

“బాధ లేదని అనను సార్. రెండేళ్లంటే మాటలా,” అంది. కుళాయి కట్టేసి, “నలభై సంగతి నాకు తెలుసు. నువ్వు బడికి పోకపోతే లెక్క తప్పి ఆ సారు ఉద్యోగం పోతుందని మా నాన్న రోజూ చెప్పేవాడు,” అంది.

“అంత చిన్నపిల్లవి, నీకేం అర్థమయ్యేది?”

“అర్థమయ్యే కదా ఒక్క రోజూ మానలేదు. జ్వరమొచ్చినా వచ్చేదాన్ని. నేను రాకపోతే మిమ్మల్ని పంపించేస్తారని భయం.”

నా ఉద్యోగాన్ని నా తెలివితో నిలబెట్టుకున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె పక్కన కూర్చుని, కడిగిన గ్లాసులు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాను.