గుమ్మం పక్కన పలక

సోమవారం నుంచి మా పేటలో సెర్చ్ ఇంజన్ ఎవరి గురించి చదివిందో వాళ్ళు మాత్రమే కనబడుతున్నారు. మిగతావాళ్ళు కాళ్ళ దగ్గర మొదలై పైదాకా మాయమైపోతున్నారు. మా నాగరత్నం అక్క గుంటమగ్గంలోంచి కాళ్ళు పైకి తీస్తే, మోకాళ్ళ కింద ఏమీ లేదు.

"చల్లగానే ఉందిలేరా," అంటుంది అక్క. "చేతుల దాకా రాకముందే ఏదోటి చెయ్యి. చదువుకున్నోడివి."

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. చదివించింది ఆ చేతులే. అందుకని మగ్గం పక్కనే ఆమెకో వెబ్ పేజీ కడతాను. మూడు గదుల పేజీ. గోడల నిండా చీరల ఫొటోలు.

సెర్చ్ ఇంజన్ పంపే మనిషిని క్రాలర్ అంటారు. మోచేతుల మీద పాకుతూ వస్తాడు. కళ్ళుండవు, అక్షరాలను వేళ్ళతో తడిమి చదువుతాడు. ఫొటో అతనికి ఉత్త నున్నటి గోడ. కాబట్టి ప్రతి ఫొటో కిందా రాస్తాను: ఆకుపచ్చ చీర, నిజాం అంచు, నాలుగు రోజుల పని, నేసింది నాగరత్నం. గది నుంచి గదికి పట్టుకుని పోవడానికి నూలుతాడు కడతాను.

బుధవారం అతను వస్తాడు. గుమ్మం పక్కన తడిమి వెనక్కి తిరుగుతాడు.

"అంతా సిద్ధంగా ఉందండీ," అంటాను.

"రావద్దని రాసుంది గదండీ."

చూస్తాను. పలక. పని సగంలో ఉండగా ఎవరూ చూడకూడదని, ఆఫీసులో నేర్పినట్టే, నేనే రాసి తగిలించాను: లోపలికి రావద్దు. పనయ్యాక తియ్యడం మరిచిపోయాను. దస్తూరి గుండ్రంగా ఉంది.

పలక పీకేస్తాను. "ఇప్పుడు రండి."

"చదివేశాను గదండీ. మళ్ళీ మీ వంతులో వస్తా."

"అదెప్పుడు?"

"పదిమంది వెతికే ఇంటికి తొందరగా వస్తాం."

"మీరు చదివితేనే గదా వెతికేది?"

"అంతేనండీ," అని ఒప్పుకుని పాకుతూ పోతాడు.

"నీ రాత మొదటిసారి ఒకడు చదివాడు, సంతోషించు," అంటుంది అక్క. అప్పటికి ఆమెకు నడుం లేదు.

శుక్రవారం చేతులు, ఆ తర్వాత మాట పోతాయి. మగ్గం మాత్రం ఆగదు. పేక నూలు మోసే నాడె అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. గుడ్డ గుమ్మం దాటి వీధిలోకి సాగుతుంది. దాని అంచు పొడవునా నా దస్తూరిలో ఒకటే మాట: లోపలికి రావద్దు.

కత్తెర తెస్తాను. అక్షరాలు నల్లగా, కొబ్బరినూనె వాసనతో ఉన్నాయి. అవి అక్క వెంట్రుకలు. ఇంకెక్కడా ఆమె లేదు.

కత్తెర పట్టుకుని నిలబడతాను. వీధి పొడవునా క్రాలర్లు బారులు తీరి పాకుతూ వస్తున్నారు. ఒక్కొక్కరే ఆ జుట్టును వేళ్ళతో మెల్లిగా దువ్వి, చదువుకుని, తల వంచి వెనక్కి తిరుగుతున్నారు.