ఎరుకమ్మ ఇచ్చిన జుట్టు

దీవి ఒడ్డున హట్ బేలో ఉన్నన్నాళ్లూ ఏ తెలుగింట పురుడొచ్చినా కబురు ఎరుకమ్మకే వెళ్లేది. ఆవిడ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తే ఎంత పెంకి పిల్లయినా నోరు మూసుకుని నిద్రపోవాల్సిందే. ఆ గొప్ప ఆవిడా చెప్పుకునేది, ఊరూ ఒప్పుకునేది. అలాంటి మనిషి ఇప్పుడు ఆ ఊరు వదిలొచ్చి, ఆస్టినాబాద్ అద్దె ఇంట్లో, సొంత కోడలు కన్న ఆడపిల్లను నెల దాటినా వేలితో తాకలేదు. సునామీ వచ్చి అప్పటికి రెండేళ్లు.

కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. కోడలు బేబీరాణికి తొలి కాన్పు గండమైంది. తల్లీబిడ్డా దక్కితే తలనీలాలిస్తానని ఎరుకమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. ఇద్దరూ దక్కారు. మొక్కు ఎగ్గొట్టే రకమా ఆవిడ! నడుం దాటిన జుట్టు మోసుకుని ఓడెక్కి విశాఖ వెళ్లింది, బోడిగుండుతో, ప్రసాదంతో తిరిగొచ్చింది. మనవడు ఆ నున్నటి తల తడిమి బోసినోటితో నవ్వేవాడు.

సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న పిల్లాడి ఒంటికి నూనె పట్టించగానే నేల ఊగింది. అంతా బయటికి ఉరికారు. ఊగడం ఆగింది. కొడుకు నాగరాజు పడవ ఏమైందోనని పరిగెత్తాడు, బేబీరాణి అతని వెనకాలే వెళ్లింది. మెరక మీదికి పొమ్మని పక్కింటివాళ్లు కేకలేశారు. నూనె ఒంటితో వదిలేస్తే పిల్లాడికి రొంప పడుతుందని, రెండు చెంబులు పోసి వస్తానని ఎరుకమ్మ పీట మీద కూర్చుంది. అంతలో సముద్రం పెరట్లోకే వచ్చేసింది. పిల్లాణ్ని భుజాన వేసుకుని పరిగెత్తింది. నడుం లోతు నీళ్లలో వెనకనుంచి ఇంకో అల తోసింది. నూనె ఒళ్లు జారింది. జారుతూ పిల్లాడు చెయ్యి చాచి ఆవిడ తల పట్టుకోబోయాడు. మళ్లీ పట్టుకోబోయాడు. ఆ తర్వాత వాడు లేడు.

పసిగుడ్డుకేం తెలుసు, భయం కూడా తెలిసుండదులే అని అందరూ ఓదార్చారు. ఆ ఒక్క మాట ఆసరాతోనే ఎరుకమ్మ ఇన్నాళ్లూ అన్నం తినగలిగింది.

పక్క వాటాలోకి కొత్తగా దిగిన టీచరు సీతారత్నం ఆ సాయంత్రం పాపను చూడటానికి వచ్చింది. ఈ ఇంటి సంగతులు ఆమెకు తెలియవు. పాప అరచేతిలో వేలు పెట్టింది.

“అరే, క్యా పకడ్ హై! ఎంత గట్టి పట్టో చూశారా పెద్దమ్మా? లక్షల ఏళ్ల నాటి అలవాటండి ఇది. అప్పట్లో మన తల్లులకు ఒళ్లంతా బొచ్చుండేదట. పిల్లలు అది పట్టుకుని వేలాడేవాళ్లు. బొచ్చు పోయింది గానీ చేతులు మర్చిపోలేదు.”

బియ్యం ఏరుతున్న ఎరుకమ్మ చెయ్యి ఆగింది.

“అయితే, దేన్నట్టుకోవాలో ఆటికి తెలుసేటి టీచరమ్మా?”

“ఆలోచించి కాదు, ఒంటికే తెలుసు. పడిపోతున్నామనిపిస్తే చేతులు వాటంతటవే వెతుక్కుంటాయి.”

బేబీరాణి గబుక్కున అడ్డొచ్చింది. “దీదీ, చాయ్ తాగుదురు రండి” అంటూ టీచర్ని వంటింట్లోకి లాక్కెళ్లింది.

ఎరుకమ్మ చేట పక్కన పెట్టింది. అయితే వాడికి తెలుసు. వాడి చెయ్యి చెయ్యాల్సిన పని చేసింది. వాడు బతకాలని ఇచ్చిన జుట్టే వాడి చేతికి అందకుండా పోయింది. దేవుడికిచ్చింది వెనక్కి అడగడానికి లేదు, అడిగినా ఇప్పుడెందుకు? కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కాసేపటికి ముడి విప్పింది. జుట్టు భుజాల దాకా పెరిగింది. పాప మీదికి వంగింది. చిన్న పిడికిలి ఓ పాయ దొరకబుచ్చుకుని గట్టిగా లాగింది.

టీచర్ని సాగనంపి వచ్చిన బేబీరాణి గుమ్మంలో ఆగిపోయింది. “అత్తా, నొప్పెడతాది. ఇడిపిత్తానుండు.”

“ఇడిపించకే. ఆడు ఎతికినప్పుడు నేదు. దీన్నయినా అట్టుకోనీ.”

పాప పాలకు ఏడుపందుకుంది. బేబీరాణి పిడికిలి విప్పలేదు. పాపను ఒళ్లోకి తీసుకుని, జుట్టు లాగకుండా, అత్తకు ఆనుకుని కూర్చుంది.