మొదటి సోఫా ఎవరింటికి మోశాను

ఇల్లు నాదే గానీ అందులో కూర్చోవడానికి నాకు చోటు లేదు. అమ్మకానికి పెట్టిన రోజే మా మేనకోడలు తూరా వచ్చి, నా కుర్చీలు, నా పెళ్ళి ఫోటోలు, నేను పట్టి గోడకి తగిలించుకున్న సాల్మన్ చేప, ఆఖరికి హెర్రింగ్ చేపల ఊరగాయ సీసాలు కూడా హాలు పక్కనున్న సామాన్ల గదిలోకి తోసేసింది. తన గోడౌన్ నుంచి తెల్ల సోఫా తెచ్చి వేసింది. దాని మీద కూర్చుంటే సొట్ట పడుతుందట. స్నానాల గదిలో తువ్వాళ్ళు ముట్టుకోకూడదట. ఆవిడ వృత్తే అది. మా ఊరు బ్యాలర్డ్‌లో ఇల్లు అమ్మాలనుకున్నవాళ్ళంతా, కొనేవాళ్ళ కంటికి నచ్చేలా ఇంటిని ముస్తాబు చేయడానికి తూరాని పిలుస్తారు. అంతకు ముందు వాళ్ళమ్మని పిలిచేవాళ్ళు, అంటే మా అక్క బోర్గిల్‌ని. అక్క కిందటి ఏప్రిల్‌లో చనిపోయింది.

ఆవాళ ఒంటిగంటకి రావలసిన కొనేవాళ్ళు పన్నెండున్నరకే గుమ్మంలో దిగారు. ఇంటివాడు కనిపిస్తే బేరం చెడుతుందని తూరా నమ్మకం. అందులోనూ నాలాంటి ఇంటివాడు. ముందు వారం ఎవరో చూడ్డానికి వస్తే, బల్ల మీద మైనపు ఆపిల్ పళ్ళ మధ్య నా కట్టుడు పళ్ళు పెట్టాను మరి. అందుకని నా కాలరు పట్టుకుని సామాన్ల గదిలోకి లాగి, తనూ దూరి, తలుపేసింది.

గది అంటే గదేం కాదు. మంచు మీద జారే కర్రలు నా వీపులో, చేప తోక నా చెవిలో. తలుపు చెక్కల సందుల్లోంచి గీతలు గీతలుగా వెలుతురు.

“ఊపిరి గట్టిగా తీయకు మావయ్యా.”

“తుమ్మొస్తే?”

“మింగెయ్.”

బయట అమ్మకాలావిడ డెలా గొంతు వినబడుతోంది, వంటిల్లు చూపిస్తోంది. తూరా జేబులోంచి ఒక కాగితం తీసి వెలుతురు గీతకి పట్టుకుంది. మర్నాడు ఇళ్ళ బ్రోకర్ల సంఘం సభ. మూడొందల మంది వస్తారు. అక్క ఫోటో పెడతారు, తూరా మాట్లాడాలి. పెదాలు కదుపుతూ బట్టీ పడుతోంది: “ఇంటిని ముస్తాబు చేసి అమ్మే పద్ధతిని ప్రపంచంలో మొట్టమొదట కనిపెట్టింది మా అమ్మ…”

రెండు రోజులుగా చెబుదామనే చూస్తున్నాను, ధైర్యం చాలక కాఫీ మీద కాఫీ తాగుతున్నాను. ఇక్కడ కాఫీ కూడా లేదు.

“తూరా, ఆ ‘కనిపెట్టింది’ తీసెయ్.”

“ఎందుకు?”

“మీ అమ్మ కనిపెట్టలేదు.”

“మొదలెట్టావా?” అంది. “అమ్మ సంతాప సభలో పాదిరీ గారి కుర్చీ కింద కోడి బొమ్మ పెట్టి కూయించావు. నీ మాట ఎవడు నమ్ముతాడు?”

అదీ నా బతుకు. అరవై ఎనిమిదేళ్ళు వేళాకోళాలాడి, ఒక్క నిజం చెప్పబోతే నా మాట చెల్లలేదు.

“డెబ్భై నాలుగులో అక్క గురించి రాయడానికొచ్చిన పేపరువాడికి ‘ప్రపంచంలో మా అక్కే మొదటిది’ అని చెప్పింది నేనే. అక్కని ఉడికిద్దామని. వాడు అచ్చేశాడు. తెల్లారేసరికి ఫోన్లు. అక్క నా మీద చెప్పు విసిరింది, తర్వాత వెళ్ళి ఫోన్ ఎత్తింది. ఎత్తాక ఇంక కాదనలేకపోయింది.”

“కథలు.”

“నా లారీ ఉండేది గుర్తుందా? అరవై ఆరులోనే క్వామె గారని ఇళ్ళు అమ్మిపెట్టే ఆవిడుండేది. తన సొంత ఆకుపచ్చ సోఫాని ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి నా చేత మోయించేది. ఖాళీ ఇంట్లో వేయడం, అమ్ముడుపోగానే తీయడం. తొమ్మిది ఇళ్ళు. మెట్ల మీద దాని కాలు విరగ్గొట్టి తిట్లు తిన్నాను. అప్పటికి మీ అమ్మ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగిస్తోంది.”

తూరా కాగితం కిందికి దించింది.

“ఆ క్వామె గారు ఇన్నాళ్ళూ దూరంగా స్పోకేన్‌లో కొడుకు దగ్గరుంది. పోయిన నెల తిరిగొచ్చింది. రేపు సభకొస్తానని మొన్న నాకు ఫోన్ చేసింది. ముందు వరసలో చోటు పట్టమంది.”

“నవ్వడం లేదేంటి మావయ్యా నువ్వు?” అంది.

“రావడం లేదే.”

కాగితం మీద పెన్సిలు గీకిన చప్పుడు. “‘మొదలుపెట్టింది’ అంటే?”

“అదీ క్వామె గారిదే.”

“‘పేరు తెచ్చింది’?”

“కొంత పేపరువాడు తెచ్చాడు.”

“మరి అమ్మ చేసిందేంటి? ఏమీ లేదా?” గుసగుస కాస్తా ఏడుపైపోయింది.

నేను ఆలోచించాను. ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు అక్క చేతిలో తయారైనవాళ్ళే. దీపం ఎక్కడ పెట్టాలి, కర్టెను ఎంత తీయాలి, మనవళ్ళ ఫోటోలు తీసేస్తున్నప్పుడు ముసలామె చేయి ఎలా పట్టుకోవాలి, అన్నీ కార్డుల మీద రాసి పంచింది. “నేర్పింది,” అన్నాను. “అది మటుకు ఎవరూ కాదనలేరు.”

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. కొనేవాళ్ళు సామాన్ల గది తెరిచి చూడకుండా వెళ్ళరు. ఆ సంగతి అందరికీ నేర్పే మనిషే అందులో దాక్కుంది చూడండి! ఎదురుగా ఎర్ర కోటు వేసుకున్న ఒకావిడ, వెనకాల నోరు తెరిచిన డెలా.

డెలా తెలివైంది, వెంటనే అందుకుంది. “ఈవిడే అండీ ఇందాక చెప్పింది! ఇళ్ళ ముస్తాబు కనిపెట్టినావిడ కూతురు!”

తూరా జుట్టులో హెర్రింగ్ సీసా మూత గుడ్డ. నా వంక చూసింది. అవునంటే సరిపోయేది.

“కనిపెట్టలేదండీ,” అంది. “మా అమ్మకంటే ముందే చేసినవాళ్ళున్నారు. మా అమ్మ మిగతావాళ్ళకి నేర్పింది. ఎంతో బాగా నేర్పింది.”

“అలాగా,” అంది ఎర్ర కోటు ఆవిడ. “నేలమాళిగలో చెమ్మ వస్తుందా?”

వాళ్ళు కిందికి దిగాక తూరా బయటికొచ్చి గౌను దులుపుకుంది. నేను రాబోతే అరచేయి అడ్డం పెట్టింది.

“రేపు నువ్వూ స్టేజి ఎక్కుతున్నావు. క్వామె గారి పేరు, తొమ్మిది ఇళ్ళు, పేపరువాడు, అన్నీ నీ నోటితోనే చెప్పాలి.”

“జోకనుకుని నవ్వుతారే.”

“నవ్వడం ఆపేదాకా చెప్పు.”

“మోకాలు నొప్పిగా ఉందే తల్లీ…”

“పదింటికి కారు పంపిస్తాను,” అని, నా మొహం మీదే తలుపు వేసేసింది.