ఆశా గీసిన ఎయిర్‌పోర్ట్ మ్యాపు

నిజామాబాద్ బస్టాండ్ ఎదురు గల్లీలో ఆశా ఫ్లెక్సీ షాపు పొద్దున్నే తెరుచుకుంటుంది. పెళ్లి ఫ్లెక్సీలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు ఎట్లాగూ నడుస్తుంటాయి. ఆమెకు ఇష్టమైన పని మాత్రం వేరే ఉంది. గల్ఫ్‌కు మొదటిసారి పోయేవాళ్ల కోసం హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ మ్యాపు గీస్తుంది.

మొదట్లో అందులో అన్నీ పెట్టింది, దుకాణాలతో సహా. వాళ్ల అమ్మ శారమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇండ్ల నేను యాడున్ననే?" అని అడిగింది. ఆ మాటతో ఆశా సగానికి సగం చెరిపేసింది. ఇప్పుడు నడిచే మనిషికి ఎదురుగా ఏముంటుందో అదే కాగితంలో పైన ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల బదులు బ్యాగు బొమ్మ, పాస్‌పోర్టు ముద్ర బొమ్మ, విమానం బొమ్మ. వాటిని కలుపుతూ నీలం గీతలు. పోవలసిన వైపు గీత వేలి కింద వెచ్చగా తగులుతుంది, తప్పు మలుపు తిరిగితే చల్లబడుతుంది. నవీపేట్, మోర్తాడ్ వాళ్లంతా ఆ వెచ్చదనం పట్టుకునే విమానం ఎక్కారు. "గీత మంచిగ కాగుతుందా అక్కా?" అని చూసుకుని మరీ తీసుకుపోతారు.

కమ్మర్‌పల్లి భూమేష్, భార్య రమ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మర్నాడే ప్రయాణం. విమానం బొమ్మ వైపు గీత మీద వేలు పెట్టి, "అక్కా, గిది సల్లగున్నది" అన్నాడు.

ఆశా ఇంకో ప్రింటు తీసింది. అదీ అంతే. రమ్య వంగి, కింది అంతస్తులో దిగినవాళ్లు బయటికొచ్చే తలుపు దగ్గర అతని వేలు పెట్టించింది. చురుక్కుమంది.

"గది వచ్చేటోళ్ల తొవ్వ. నేను పోయేటోణ్ణి గద!"

ఆశాకు మనసు ఆగలేదు. గీత అట్లా ఎందుకు తిరిగిందో కళ్లారా చూడాలనిపించింది. మర్నాడు షాపు అమ్మకు అప్పజెప్పి వాళ్లతోపాటు బస్సెక్కింది.

ఎయిర్‌పోర్ట్ చేరాక భూమేష్ పైకి పోబోయి ఆగాడు. విమానానికి ఇంకా చాలా టైముంది. "సూసొద్దాం పాండ్రి" అని వేలు గీత మీద పెట్టి కిందికి నడిచాడు. వచ్చేవాళ్ల తలుపు పక్కన, బ్యాగు ముందు పెట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. అందరూ వెళ్లిపోతున్నా ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయాడు. పేరు లింబయ్య, మోర్తాడ్ మనిషి.

బస్సు ఎక్కడాగుతుందో ఆశా చెబుతుంటే, ఆయన భూమేష్ బ్యాగు వైపు చూశాడు. "ఏ కంపెనీకి బిడ్డా?"

భూమేష్ కంపెనీ పేరు చెప్పాడు. లింబయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా, పోకు. నేను ఆడికెల్లే వస్తున్న. జీతం అడిగితే రూముకు తాళమేసిండ్రు." ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఇరుకు గది, కిటికీ ఊచలు, వాటి వెనక మనవాళ్ల ముఖాలు.

భూమేష్ బ్యాగు కింద పెట్టాడు. "ఇంట్ల ఏం జెప్పాలె?" అన్నాడు.

"ఇల్లంటే నేనే గద," అంది రమ్య, బ్యాగు ఒక పక్క పట్టుకుని. "నాకు జెప్పినట్టే."

నలుగురూ ఒకే బస్సులో తిరిగొచ్చారు. కామారెడ్డి దాటాక ఆశాకు ఒక సంగతి తట్టింది. పోయేవాళ్ల దారి గురించి ఎంతమందిని అడిగిందో గానీ, వచ్చేవాళ్లను ఎప్పుడూ అడగలేదు.

"బాపూ, తలుపు దాటి బయటికొచ్చినంక ముందుగాల దేనికోసం సూసినవ్? బోర్డులకోసమా, బస్సుకోసమా?"

లింబయ్య సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "మొఖాలకోసం బిడ్డా. నాకోసం ఎవలన్న వచ్చిండ్రేమోనని. ఎవ్వలూ రాలే."

ముందు సీట్లోంచి భూమేష్ వెనక్కి తిరిగాడు.

"గట్లంటవేంది బాపూ? మేము వస్తిమి గద."