చుక్క ముట్టని తాగుబోతు

నిజాంపట్నం రేవుకు ఆ రోజు పడవ ఖాళీగా తిరిగివచ్చింది. వల సంచి అడుగున బిగించవలసిన ముడి బిగించలేదు. పడ్డ చేపంతా పడ్డట్టే సముద్రంలోకి జారిపోయింది. ఆ ముడి వేసేది డెబ్బయ్యేళ్ల నాంచారయ్య. ముప్పయ్యేళ్లుగా మరొకరి చెయ్యి దాని మీద పడలేదు.

ముసలాయన మందు మొదలెట్టాడన్నారు జనం. నాలుగు నెలలుగా ఆయన అడుగు తడబడుతోంది, మాట తడబడుతోంది, తన ఇల్లనుకుని పక్కింట్లోకి వెళుతున్నాడు. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని మనిషని తెలిసినవాళ్లే ఆ మాటన్నారు. కన్నకొడుకు నాగశివ సైతం తండ్రి నోరు వాసన చూశాడు. ఏ వాసనా లేదు, అయినా నమ్మలేదు. ఇంతకన్నా అవమానం ఉంటుందా?

ఆదివారం పేట పెద్దలు కూర్చున్నారు. తాగినందుకు అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలన్నారు, ఇక పడవ ఛాయలకు రాకూడదన్నారు. నాంచారయ్య కొడుకు వంక బెదురుగా చూశాడు.

"తాగానేమోరా శివా. నాకు గుర్తు లేదు."

ఆ మాట విన్న కోడలు నాగలక్ష్మి, భర్త చేత పెద్దలను వారం గడువు అడిగించింది. మర్నాడే మామగారిని రేపల్లెలో బస్సెక్కించి తెనాలి నరాల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది. గడియారం బొమ్మ గీయమంటే ఆయన అంకెలన్నీ ఒక పక్కనే కుక్కాడు. స్కానింగు తీశారు. మెదడులో సన్నని రక్తనాళాలు పూడుకుపోయాయని, దీన్ని డిమెన్షియా అంటారని, పోయిన జ్ఞాపకం తిరిగి రాకపోయినా బీపీ అదుపులో ఉంచితే జబ్బు జోరు తగ్గవచ్చని డాక్టరు జ్యోత్స్న చెప్పింది.

ఆడవాళ్లు నోరెత్తని ఆ సభలో, మళ్లీ ఆదివారం, నాగలక్ష్మి లేచి పేట పెద్ద రంగనాయకులు ఎదుట నిలబడింది.

"మా మామ తాగలేదు బాబాయ్. జబ్బు చేసింది. జబ్బుకి తప్పు ఒప్పుకోమంటే నేను ఒప్పుకోనివ్వను. ఆయన పడవ దగ్గరికి వస్తాడు, వల బాగు చేస్తాడు. చివర్న ముడి మాత్రం మా ఆయన చూసుకుంటాడు."

నాగశివ తలవంచుకుని వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.

పెద్దాయన రంగనాయకులుకు తన తల్లి గుర్తొచ్చింది. ఆవిడ కూడా చివరి రోజుల్లో తిన్న అన్నం తినలేదనేది. కోడళ్ల మీద చాడీలు చెబుతోందని ఆవిడను కసిరిన కొడుకు తానే.

"పేటలో అందరికీ చెప్పండి," అన్నాడాయన. "పెద్దోళ్ల మతి తప్పితే ముందు డాక్టరుకి చూపించాలి. నింద వేయడానికి మనమెవరం?"