గొట్టంలో చప్పుడు

నర్సమ్మ ముప్పై నాలుగేళ్లు ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసింది. వార్డులో ఏ మూల మంచం కిర్రుమన్నా ఆమె చెవిన పడేది. ఆవిడకి ఒళ్లంతా చెవులే అని డాక్టర్లు నవ్వేవారు. ఉద్యోగం అయిపోయి, భర్త పోయి, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చాక, వృద్ధుల కోసం మున్సిపాలిటీ కట్టించిన వసతిగృహంలో ఆమెకు మొదటి అంతస్తున ఒక గది దొరికింది. తలదాచుకోవడానికి చోటు దొరికిందని సంబరపడింది.

ఆ సంబరం మొదటి వానకే తడిసిపోయింది. వాన నీరూ, పైవాళ్ల స్నానాల గదుల్లోని నీరూ గోడల్లోకి దిగి, నల్లటి బూజు మంచం తలాపి దాకా పాకింది. ఎన్నిసార్లు ఆరేసినా బట్టలకు ముక్కవాసన వదిలేది కాదు. తలుపులు నీళ్లు తాగి ఉబ్బి, తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావలసివచ్చేది.

కింద గదిలో రంగుల మేస్త్రీ ఉండేవాడు. ఊళ్లో సగం ఇళ్లకు సున్నాలూ రంగులూ వేసిన చెయ్యి ఆయనది. నర్సమ్మ తన గోడకు ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగితే చేత్తో గోడ తడిమి చూసి, "దీనికి కావలసింది రంగు కాదమ్మా, తువ్వాలు" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చి, చాలాసేపు గోడ పట్టుకుని నిలబడిపోయాడు. చెమ్మ ఆయన ఊపిరితిత్తుల్లోకి కూడా దిగింది. తన గది తలుపు గురించి ఆయన మూడు అర్జీలు పెట్టుకున్నాడు. పైనుంచి మంజూరు రావాలని సూపర్‌వైజరు మూడుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. గదిలో స్విచ్చి షాకు కొడుతోందని దానికి టేపు అంటించి పోయారు తప్ప బాగుచెయ్యలేదు. అందుకని ఆయన తన ఫోను రోజూ వాచ్‌మన్ గదిలో చార్జింగు పెట్టుకునేవాడు.

నర్సమ్మ పక్క గదికి తాళం వేసి ఉండేది. అందులో ఉండే టీచరమ్మ, నర్సమ్మ రావడానికి రెండు నెలల ముందే పోయింది. ఆవిడ బతికుండగా కుళాయి వస్తే చాలు, చెంచాతో నీళ్ల గొట్టం మీద కొట్టి అందరికీ కబురు చేసేదట. ఆవిడ పోయాక కూడా అప్పుడప్పుడు ఆ గొట్టం టంగుమంటుందని ఎదురు గది దర్జీ అక్క చెప్పింది. నర్సమ్మ ఎన్నో చావులు చూసిన మనిషి, అయినా ఆ మాట విన్నప్పటినుంచి తాళం ముందునుంచి వెళ్లేటప్పుడు అడుగు త్వరగా వేసేది.

ఆ ఏడాది పెద్ద వాన మంగళవారం తెల్లవారుజామున పట్టుకుంది. కింది అంతస్తులో మడమ లోతు నీళ్లు చేరేసరికి అక్కడివాళ్లంతా చాపలూ మందుల సంచులూ పట్టుకుని పై హాల్లోకి చేరారు. మేస్త్రీ మాత్రం కనిపించలేదు. ఆ రోజు చెల్లెలి ఇంటికి వెళ్తానని ముందే నలుగురికీ చెప్పి ఉన్నాడు కాబట్టి, వాన ముదరకముందే బయలుదేరి ఉంటాడని అనుకున్నారు. అదృష్టవంతుడని కూడా అన్నారు.

మధ్యాహ్నం నర్సమ్మ అన్నం ముందు కూర్చునేసరికి పక్క గదిలోంచి చప్పుడు వినిపించింది. టంగు, టంగు, టంగు. కాసేపు ఆగి మళ్లీ అదే. ఆమె ముద్ద కంచంలో వదిలేసి బయటికి వచ్చింది. దర్జీ అక్క తన గుమ్మంలోనే నిలబడి ఉంది.

"టీచరమ్మే. పట్టించుకోకు, లోపలికి పో" అంది దర్జీ అక్క.

నర్సమ్మ లోపలికి పోయి రేడియో పెద్దగా పెట్టుకుంది.

బుధవారం పొద్దున కూడా వాన తెరిపి ఇవ్వలేదు. చప్పుడు మళ్లీ మొదలైంది, కాకపోతే నెమ్మదించింది. మూడు దెబ్బలకు మధ్య వ్యవధి పెరిగింది. వార్డులో ఉండి ఉంటే, ఆ చప్పుడు ఎవరిదో, ఏం కావాలో తెలుసుకోకుండా కాలు నిలిచేది కాదు. ఇక్కడ మాత్రం భయం ఆమె కాళ్లను కట్టేసింది. చివరికి ధైర్యం తెచ్చుకుని తాళం వేసిన తలుపు దగ్గరికి వెళ్లి, చెక్కకు నోరు ఆనించి, ప్రసవం అయిన తల్లులతో మాట్లాడే గొంతుతో అంది.

"నేనున్నానులే. ఇంక పడుకోండి."

చప్పుడు ఆగింది. తన మాట విన్నందుకు నర్సమ్మకు కళ్లు చెమర్చాయి. తర్వాత రెండు విడతలు మాత్రం, ఇదివరకటికన్నా గట్టిగా, గొట్టం మోగింది. సాయంత్రానికి అదీ లేదు.

గురువారం ఉదయం వాన వెలిసింది. వాచ్‌మన్ కిందికి దిగి తన గదికి వచ్చేసరికి అక్కడ మేస్త్రీ ఫోను ఆగకుండా మోగుతుంటే తీశాడు. అన్నయ్య ఎందుకు రాలేదని ఆయన చెల్లెలు అడిగింది. వాచ్‌మన్ ఫోను పట్టుకునే మేస్త్రీ గదికి పరుగెత్తాడు. గొళ్లెం బయట వేసి లేదు, కానీ తలుపు కదలలేదు. గడ్డపారతో పగలగొట్టారు.

నర్సమ్మ అందరికన్నా ముందు లోపలికి వెళ్లి నాడి చూసింది. చూడకుండానే తెలుస్తోంది. మేస్త్రీ గొట్టానికి ఆనుకుని, తడి నేల మీద ఒరిగి ఉన్నాడు. లోపలివైపు పిడి ఊడిపోయి గుమ్మం దగ్గర పడి ఉంది. తలుపు అంచు పొడుగునా చెక్క చెక్కిన గుర్తులు. గోడలకు పుట్టీ పెట్టే రేకు ఆయన కుడిచేతిలోనే ఉంది. గొట్టం మీద ఒకేచోట పెచ్చు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. నర్సమ్మ తలెత్తి చూసింది. ఆ గొట్టం కప్పులోంచి నేరుగా టీచరమ్మ గదిలోకి పోతోంది.

గది వెనక కిటికీకి అవతల మున్సిపాలిటీ పాత బెంచీలూ బీరువాలూ కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆ దగ్గుతో, ఆ వానలో, ఆయన ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది.

నిద్రలో సహజ మరణం అని సూపర్‌వైజరు కాగితం మీద రాసుకుని, చెల్లెలికి కూడా అదే చెప్పాడు. ఆవిడకు ఎందుకు లేనిపోని బాధ అని అందరితోనూ అన్నాడు. అందరూ తలూపారు. నర్సమ్మ కూడా ఊపింది.

పదిరోజుల తర్వాత చెల్లెలు అన్న సామాను కోసం వచ్చింది. రెండు కుంచెలు, ఒక దుప్పటి, ఆ ఫోను. సంచిలో సర్దుకుని, చివరిగా చూసినవాళ్లు ఎవరని అడుగుతూ నర్సమ్మ గదికి వచ్చింది. మంచినీళ్లు తాగి, "నిద్రలోనే పోయాడట కదా వదినా. కష్టపడలేదు కదా" అంది.

నర్సమ్మ అవునందామని నోరు తెరిచింది. రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. రేడియో సంగతి కూడా దాచలేదు. తలుపు దగ్గర తను అన్న మాటా చెప్పింది.

చెల్లెలు సంచి ఒళ్లోకి తీసుకుంది.

"ఆ మాట మా అన్నయ్యకి వినపడి ఉంటుందా?"

"తెలియదమ్మా."

"వినపడి ఉంటే, ఎవరో వస్తున్నారనుకుని ఉంటాడు" అంది చెల్లెలు. అది ఊరటగా అందో, నిందగా అందో నర్సమ్మకు అప్పుడూ అర్థం కాలేదు, ఆ తర్వాతా కాలేదు.

చెల్లెలు ఫిర్యాదు పెట్టింది. నర్సమ్మ సాక్షిగా సంతకం చేసింది. రెండు రోజులూ చప్పుడు విన్నానని, వెళ్లలేదని రాయించింది. సూపర్‌వైజరును బదిలీ చేశారు. వడ్రంగులు వచ్చి తలుపులన్నీ చిత్రిక పట్టారు. స్విచ్చులు మార్చారు. గోడలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ సాక్ష్యం వల్ల తామంతా దోషులమయ్యామని వసతిగృహంలో చాలామంది ఆమెతో మాటలు మానేశారు. హాల్లోకి వెళ్తే కబుర్లు ఆగిపోయేవి. ఆమె భోజనం గదికే తెచ్చుకునేది. ఇప్పుడు ఆ గొట్టంలో నీళ్లు పారే చప్పుడు తప్ప మరేమీ లేదు. అయినా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా చెయ్యి ఆగిపోయేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం దర్జీ అక్క గోడ పట్టుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చుంది. నెలరోజుల తర్వాత రావడం అదే. మిషను తొక్కీ తొక్కీ అరిగిపోయిన మోకాళ్లను చేత్తో రాసుకుంటూ ఉండిపోయింది.

"టీచరమ్మ ఎప్పుడూ రెండే కొట్టేది. ఇరవై ఏళ్లు విన్నాను. మూడు వినగానే ఆవిడ కాదని తెలిసింది నాకు" అంది చివరికి.

నర్సమ్మ కలుపుతున్న అన్నంలోంచి చెయ్యి తీసి ఆమె వంక చూసింది.

"గొట్టం వచ్చేది కింది గదిలోంచి, చూడాలంటే కిందికి దిగాలి కదా. మెట్లన్నీ నీళ్లు. నా వల్ల కాదనుకున్నాను. నీకు చెబితే నువ్వు వెళ్లేదానివి. వెళ్లి ఏముందో చూసి వస్తే, తెలిసీ కూర్చున్నానని బయటపడేది. అందుకే టీచరమ్మ అన్నాను."

నర్సమ్మకు ఆమెను తిట్టాలనిపించింది. లేచి వెళ్లిపొమ్మనాలనిపించింది. ఆ రెండూ చెయ్యడానికి తనకు అర్హత ఉందేమోనని వెతుక్కుంది. దొరకలేదు. దర్జీ అక్క ఏడవడం మొదలుపెట్టింది. నర్సమ్మ తన కంచంలోని అన్నం రెండు భాగాలు చేసి, ఒక భాగం ఆమె ముందుకు జరిపింది. ఇద్దరిలో ఎవరూ ముట్టలేదు.